డీజిల్ మనిషి నోట పెట్రోలు మాట

ఆయన గురించి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి కారణాలు రెండు. మొదటిది, చాలాకాలం నాకు రాయడం రాదు. యాభై రెండో ఏట అక్షరాలు దిద్దాను. రెండోది, నాకు రాయడం వచ్చేనాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడు. బతికున్న మనిషి గురించి రాస్తే ఆయనకు చూపించాలి కదా. చూపిస్తే కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, "ఇవన్నీ జరిగినవేనా పాపా, కూర్చుని నింపినవా?" అని అడిగేవాడు. ఆ మాట నన్ను ఒకసారి అడిగాడు. రెండోసారి అడిగించుకునే ధైర్యం నాకు లేదు.

పోయిన నెల ఆయన కాలం చేశాడు. సరిగ్గా ఇప్పుడే నేను ఇంకో బండి కొనాలి. డీజిలా, పెట్రోలా అన్న ప్రశ్న మళ్లీ వచ్చి మా గ్రైండర్ల గదిలో కూర్చుంది. జవాబు చెప్పే మనిషి లేడు.

మాది హైదరాబాదులో తార్నాక. మెయిన్ రోడ్డు వెనక సందులో కింద గ్రైండర్లు, పైన మేము, ఆ పైన ఒక అద్దె గది. దోశ పిండి, ఇడ్లీ పిండి రుబ్బి బకెట్లలో టిఫిన్ సెంటర్లకు, యూనివర్సిటీ లోపలి క్యాంటీన్లకు వేస్తాను. జనగామ దగ్గర పత్తి చేను వదిలి వచ్చి ఒక్క గ్రైండరుతో మొదలుపెట్టిన పని ఇది. బండి నడిపేది మా తమ్ముడు.

ఆయన మొదటిసారి వచ్చింది పిండి కోసమే. చేతిలో స్టీలు డబ్బా. నేను పిండి పోస్తుంటే ఆయన మూడో గ్రైండరును చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లి జ్వరం చూసినట్టు దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"పాపా, దీని బేరింగు పోతాది. నాలుగు దినాలు ఆగదు."

అప్పటికి నాకు యాభై నిండాయి. పాప అన్నందుకు కోపం తెచ్చుకోవాలో, నడుస్తున్న గ్రైండరుకు శాపం పెట్టినందుకు తెచ్చుకోవాలో తేలలేదు.

"నీకెవరు చెప్పిన్రు సార్?"

"అదే చెప్తాండాది గదా."

నాలుగో రోజు పొద్దున మూడో గ్రైండరు ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆయన డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆగిన గ్రైండరు వైపు కన్నెత్తి కూడా చూడకుండా పిండి పోయించుకుని వెళ్లాడు. చూస్తే నాకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాడట. తర్వాతెప్పుడో చెప్పాడు.

కడప వైపు మనిషి. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో, ఇంజిన్లుండే ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరు. రిటైరయ్యాక కూడా పొద్దున పూట అక్కడికే నడిచి వెళ్లేవాడు. ఆడవాళ్లందరూ ఆయనకు పాపలే, క్యాంటీన్ ఊడ్చే డెబ్భై ఏళ్ల ముసలమ్మతో సహా. జేబులో ఎప్పుడూ ఇంజిన్లు తుడిచే దారపు చిక్కు ఒకటి ఉండేది. పిండి డబ్బా ముట్టుకునే ముందు శుభ్రం కోసమని దాంతో చేతులు తుడుచుకునేవాడు. తుడుచుకున్నాక చేతులు ఇంకా నల్లగా అయ్యేవి. ఆ చేతులు చూసుకుని తృప్తిగా డబ్బా అందుకునేవాడు.

ఆయన మాట ఒకటుంది. "స్టెడీ కానీ." ఇంజిన్ లేపగానే కొలతలు తీయకూడదట. అది కాగి, ఒక తీరుకు వచ్చి నిలబడ్డాకే తీయాలట. అంతకు ముందు తీసినవి తప్పుడు రీడింగులట. ఈ నియమాన్ని ఆయన ల్యాబులో వదిలిపెట్టి రాలేదు. టీ ఇస్తే "స్టెడీ కానీ" అని పక్కన పెట్టేవాడు. దాని మీద మీగడ కట్టాక తాగేవాడు. నేనూ మా తమ్ముడూ బకెట్ల దగ్గర అరుచుకుంటుంటే వేలు పైకెత్తి, "స్టెడీ కానీండి. అప్పుడు చూద్దాం ఎవరిది తప్పో" అనేవాడు. పెళ్లిచూపులప్పుడు కూడా అంతేనని వాళ్లావిడ చెప్పింది. రెండుసార్లు వచ్చి ఏ మాటా చెప్పకుండా వెళ్లాడట. మూడోసారి వస్తే వాళ్ల నాయన, "పిల్లను చూస్తాండావా అబ్బీ, పాలు కాచుతాండావా?" అని అడిగాడట.

అద్దె ట్రాలీలతో విసిగి, సొంతానికి పికప్ బండి కొందామనుకున్నది మూడేళ్ల కిందట. సందులో అందరూ డీజిల్ అన్నారు. ఎదురింటి నీళ్ల క్యాన్లాయన అప్పుడే కొత్త డీజిల్ బండి దింపాడు. అది లేస్తే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి.

"అక్కా, బండంటే గది. పెట్రోల్ బండంటే స్కూటర్‌కు తొట్టి కట్టినట్టుంటది" అన్నాడు మా తమ్ముడు.

నాక్కూడా మనసు డీజిల్ మీదే ఉంది. పొద్దున్నే సందంతా దద్దరిల్లేలా బయలుదేరితే, జనగామ నుంచి వచ్చినావిడ వ్యాపారం ఇంతదయిందా అనుకోవాలని. అయితే చేతిలో ఉన్న డబ్బు ఒక్క బండికే. తప్పు బండి కొంటే దాన్ని భరించలేను, వదిలించుకోలేను. అందుకని సారును అడిగాను. డీజిల్ ఇంజిన్ల మధ్య బతికిన మనిషి డీజిల్ కాక ఏమంటాడు అన్న ధైర్యం ఒకటి.

"ఇంజిన్ సంగతి అట్ల పెట్టు. నీ సంగతి చెప్పు. దినానికి యాడాడికి పోతాండావు?"

అప్పుడు మా గుమ్మం ముందు నీళ్ల క్యాన్లాయన నిలబడి వింటున్నాడు. నా నోట్లోంచి అబద్ధం దానంతట అదే వచ్చేసింది.

"మస్తు తిరుగుతం సార్. బౌద్ధనగర్, మల్కాజ్‌గిరి. మౌలాలికైతే దినాం పోతం."

మౌలాలికి మేము అప్పటిదాకా ఒక్కసారి పోయాం.

ఆయన మర్నాడు మమ్మల్ని ల్యాబుకు రమ్మన్నాడు. క్యాంటీనులో బకెట్లు దించి నేనూ తమ్ముడూ వెళ్లాం. పెద్ద హాలు, సిమెంటు దిమ్మెల మీద రెండు ఇంజిన్లు. వాటిని ఆయన మాకు చుట్టాల్ని పరిచయం చేసినట్టు చేశాడు.

"ఈయన డీజల్. పెద్దాయన. లేవను టయిం పడతాది. లేచినాడంటే ఎంత బరువైనా లాగుతాడు, గుట్టలెక్కుతాడు. తాగేది కూడా తక్కువే. ఊరికే లేపి ఊరికే పండబెడితే మాత్రం కోపం. ఇప్పుడొచ్చే డీజల్ బండ్లకు పొగగొట్టంలో జల్లెడ మాదిరి ఒకటి పెడతాండారు. మసి దాంట్లో చిక్కుకుంటాది. బండి బాగా కాగి దూరం పరిగెత్తితేనే ఆ మసి కాలిపోతాది. సందుల్లోనే తిప్పుతా ఉంటే మూసుకపోతాది."

"మరి గదేంది సార్?" అని మా తమ్ముడు రెండోదాన్ని చూపించాడు.

"ఆయమ్మ పెట్రోలు. పిలిస్తే పలుకుతాది. పదిసార్లు ఆపు, పదిసార్లు లేపు, ఏమనుకోదు. వణుకు తక్కువ, మీ పిండి పొంగి మూతల్ని తన్నదు. బరువేసి గుట్ట ఎక్కించినావా, అప్పుడు తాగుతాది చూడు, అడిగినంత పోయల్ల."

"గిట్లంటే ఎట్ల సార్? రెండిట్ల ఏది మంచిది?" అన్నాను.

"రెండూ మంచివే. నువ్వు దానికేం పని చెప్తావో ఆ పనికి ఏది సరిపోతాదనేదే లెక్క. మనుషులకు అబద్ధం చెప్తే వాళ్లు సగమే నమ్ముతారు పాపా. ఇంజిన్ అట్ల కాదు. పూర్తిగా నమ్మేస్తాది. ఆనక చెడిపోతాది."

బీరువాలోంచి ఒక పాత ల్యాబు పుస్తకం తీసి, రాసిన కాగితాలు చించేసి నా చేతికిచ్చాడు. రెండు వారాలు రీడింగులు తీసుకురమ్మన్నాడు. బండి ఎప్పుడు లేపాం, ఎప్పుడు ఆపాం, ఎన్ని బకెట్లు, ఎంత దూరం. తలాడించి తీసుకున్నాను. నాకు రాయడం రాదని చెప్పలేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఎక్కడైనా సంతకం అడిగితే కళ్లజోడు మర్చిపోయానని వేలిముద్ర వేసేదాన్ని. నాకు కళ్లజోడే లేదు.

మా పైన అద్దె గదిలో యూనివర్సిటీలో చదివే అమ్మాయి ఉండేది. పుస్తకం ఆమెకిచ్చి సంగతి చెప్పాను. ఆమె నా కంటే ఉత్సాహపడింది.

"గివి ఎట్ల నింపాల్నో నాకు మంచిగ తెల్సు ఆంటీ. మేం రికార్డులు గిట్లనే నింపుతం. లాస్టుకు ఏం రావాలె?"

"డీజిల్ రావాలె."

"అయితే దూరాలు ఎక్కువేస్త."

రెండు వారాల రీడింగులు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. పద్నాలుగు రోజులు ఆగి, పేజీల మూలలు కాస్త నలిపి, ఒకచోట పిండి చుక్క కూడా అంటించి, తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. ఒక పేజీ చూశాడు. ఇంకో పేజీ చూశాడు. మీసం కింద నవ్వు మొదలైంది. తిప్పే కొద్దీ ఆ నవ్వు పెద్దదవుతోంది.

"పాపా, నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత నున్నటి రీడింగులు పరీక్షకు ముందు దినం సాయంత్రం తప్ప యాడా చూడలే."

వేలితో ఒక వరస చూపించాడు.

"క్యాంటీను ఆదివారం మూత. నువ్వు ఆదివారం మూడుసార్లు పోయి దించినావు, ఎవరికి? పావురాలకా? మౌలాలికి పద్నాలుగు దినాలూ ఒక్కే టయానికి పోయినావు, ఒక్కే టయానికి వచ్చినావు. హైదరాబాదులో నీకు ఒక్క సిగ్నలూ పడలేదే! ఇవన్నీ జరిగినవేనా పాపా, కూర్చుని నింపినవా?"

పిండి చుక్క మీద గోరు పెట్టి గీకాడు. "ఇది మాత్రం అసలైనదే."

నేల చూస్తూ నిలబడ్డాను. చెప్పేశాను. "నాకు రాయరాదు సార్. పైనుండే పిల్లతోని నింపిచ్చిన."

ఆయన నవ్వు ఆగిపోతుందని, జాలి మొదలవుతుందని భయపడ్డాను. అదేం జరగలేదు. జేబులోంచి దారపు చిక్కు తీసి చేతులు తుడుచుకున్నాడు.

"ముగ్గు వస్తాదా?"

"ముగ్గు రాకేం సార్. ఇరవై ఒక్క చుక్కలది సూడకుండ పెడ్త."

"ఇంకేం మరి. బండి లేపితే నిలువు గీత. ఆపితే సున్నా. బకెట్‌కు ఒక చుక్క. దూరం పోయినప్పుడు మాత్రం గుట్ట బొమ్మ గీయి. మౌలాలి గుట్ట చూసినావు గదా, ఒకసారైనా?"

ఆ 'ఒకసారైనా' దగ్గర ఆయన నా మొహం వైపు చూడలేదు. అది ఆయన మర్యాద.

నింపిన కాగితాలు చించి తన దగ్గర పెట్టుకుని పుస్తకం తిరిగిచ్చాడు. దానికి తాడు కట్టి, తాడుకు పెన్సిలు కట్టి, అద్దె ట్రాలీలో వేలాడదీశాను. రెండు వారాలు తమ్ముడి పక్కన కూర్చుని నేనే గీశాను. గీత, సున్నా. గీత, సున్నా. తార్నాక చౌరస్తాలో సున్నా, రెండు హాస్టళ్ల దగ్గర రెండు సున్నాలు, క్యాంటీన్ వెనక సున్నా. పేజీ చూస్తే వాకిట్లో ముగ్గులాగే ఉంది. నా చేత్తో నేను నింపిన మొదటి పుస్తకం అది. గుట్ట గీయాలని నాకు ఎంత ఆశ ఉండేదంటే, ఒకరోజు ఏ పనీ లేకుండా మౌలాలికి తిప్పమందామా అనిపించింది. అడగలేదు. పన్నెండో రోజు అక్కడి హోటలాయన ఫోను చేసి బకెట్లు అడిగాడు. ఆ గుట్టను ఎంత అందంగా గీశానో! మీద దర్గా కూడా పెట్టాను. ఎండలో అంత దూరం పోయేసరికి పిండి పులిసిందని ఆయన మళ్లీ అడగలేదు.

సారు లెక్క పెట్టుకుంటూ పేజీలన్నీ తిప్పాడు.

"గుట్ట ఒక్కటే ఉండాదే పాపా?"

"ఒక్కటే సార్."

"దినామూ పోతామంటివి?"

"పోదామనుకున్న సార్."

కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నీళ్లు దారపు చిక్కుతో తుడుచుకున్నాడు. మసి అంటి ఒక కనుబొమ్మ రెండంతలు లావైంది. ఎవరూ చెప్పలేదు, సాయంత్రం దాకా అలాగే తిరిగాడు.

తీర్పు మా గ్రైండర్ల గదిలో చెప్పాడు. టీ ఇచ్చాను. పక్కన పెట్టాడు. మీగడ కట్టింది. తాగాడు. మా తమ్ముడు గోళ్లు కొరుకుతున్నాడు. ఆయన గోడ వైపు తిరిగి, ఇంట్లో వాళ్లను మోసం చేస్తున్నంత మెల్లగా అన్నాడు.

"పెట్రోలు."

"సార్, మీరే గిట్లంటే ఎట్ల?" అని మా తమ్ముడు లేచాడు. "మీరు డీజిల్ మనిషి గద!"

"నేను డీజల్ మనిషినే. మీ అక్క సున్నాలు పెట్రోలువి. నేనేం జేసేది?"

మల్కాజ్‌గిరిలో వాడిన బండ్లు అమ్మే చోటికి ఆయనే వెంట వచ్చాడు. చెప్పిన టైము కంటే గంట ముందే తీసుకెళ్లాడు. ముందుగా బండి ముందర అరచెయ్యి పెట్టాడు. "కాగి ఉండాదే? మేం రాకముందే లేపినావా అబ్బీ?" అని అమ్మేవాణ్ని అడిగాడు. వాడు ఊరికే కడిగామన్నాడు. "వేణ్ణీళ్లతోనా?" అన్నాడు సారు. చల్లగా ఉన్నప్పుడు ఎలా లేస్తుందో చూడకుండా కొనకూడదని, బండి చల్లారేదాకా మమ్మల్ని దాని పక్కనే బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ మధ్యాహ్నం ఆ బండి ఒక్క పిలుపుకే పలికింది. కొన్నాం.

ఆ బండి నన్ను ఇన్నేళ్లలో ఒక్కరోజు నిలబెట్టలేదు. ఎదురింటి నీళ్ల క్యాన్లాయన బండికి మాత్రం ఏడాది తిరక్కుండానే ఎర్ర లైటు వెలిగింది. పొగగొట్టంలో జల్లెడ మూసుకుపోయిందట. ఆయన తిరిగేదీ మాలాగే సందుల్లోనే. అప్పటినుంచి అప్పుడప్పుడు ఖాళీ బండిని ఘట్‌కేసర్ రోడ్డు మీద పరిగెత్తించి తీసుకొచ్చేవాడు, మసి కాలడానికి. అలా వెళ్లిన రోజు ముందు సీట్లో సారు ఉండేవాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ ఎక్కేవాడు.

"మాకు పెట్రోల్ కొనిపిచ్చి నువ్వు డీజిల్‌ల తిరుగుతున్నవా సార్?" అని అరిచేదాన్ని.

"బుద్ధి వేరు, మనసు వేరు పాపా!" అని కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు.

ఆ సున్నాలు గీసిన చేతికి ఊరికే ఉండబుద్ధి కాలేదు. పైగది అమ్మాయే నాకు అక్షరాలు నేర్పింది. తప్పుడు రీడింగులు నింపినందుకు ఆమెకు అదే శిక్ష అని సారు తేల్చాడు.

పోయిన నెల ఆయనకు ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారు. బీపీ చూడ్డానికి నర్సమ్మ చేతికి పట్టీ చుడుతుంటే, "స్టెడీ కానీ పాపా, అప్పుడు తీసుకుందువు" అన్నాడట. వాళ్లావిడ ఇది చెబుతూ నవ్వింది, చెబుతూనే ఏడ్చింది.

దినాలు అయిపోయాక, మొన్న సాయంత్రం పిండి డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. నా మనసంతా బండి మీదే ఉంది. పెట్రోలు బండి పాతబడింది. తమ్ముడు మల్కాజ్‌గిరిలోనే ఒక డీజిల్ పికప్ చూశాడు. పొద్దున్నే వెళ్లి బయానా ఇచ్చి రావాలి. మౌలాలి హోటలాయన మళ్లీ పిండి అడుగుతున్నాడని, ఇక ఆ వైపు రోజూ పోతామని సందంతా చెబుతున్నాను. నిజానికి ఆయన అడిగింది, ధర ఎంత అని మాత్రమే.

వాళ్లావిడ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. తాడు, పెన్సిలు అలాగే ఉన్నాయి. "నీదంట. ఇవ్వమన్నాడు" అంది.

అప్పట్లో దాన్ని ఆయనకిచ్చి మర్చిపోయాను. ఇప్పుడు తెరిస్తే నా ప్రతి గీత వరస కింద ఆయన రాత ఉంది. అప్పుడు ఉన్నా నాకు తెలిసేది కాదు. వాళ్ల గుమ్మంలోనే నిలబడి, కూడబలుక్కుంటూ చదివాను. ఎక్కడ ఎన్నిసార్లు ఆగామో, ఎన్ని బకెట్లో. నా గుట్ట కింద, "ఒకటి. దర్గా బాగుంది." చివరి పేజీలో, "ఇప్పటికి పెట్రోలు. వారానికి నాలుగు గుట్టలు వస్తే డీజల్. మళ్లీ రీడింగు తీయాలి."

ఆ చివరి పేజీ వెనక, పైగది అమ్మాయి నింపిన కాగితాలు మడిచి పెట్టి ఉన్నాయి. ఎప్పుడో పారేసి ఉంటాడనుకున్నాను. వాటి మీద అబద్ధం అని రాయలేదు. అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన ఇలా రాశాడు. "స్టెడీ కాకముందు తీసినవి. లెక్కలోకి రావు."

నిన్న పొద్దున తమ్ముడు తల దువ్వుకుని, బయానా డబ్బు జేబులో పెట్టుకుని కిందికి వచ్చాడు. నేను అప్పటికే బకెట్లు ఎక్కించి, పుస్తకాన్ని బండిలో వేలాడదీసి, పక్క సీట్లో కూర్చున్నాను.

"మల్కాజ్‌గిరి పోదామా అక్కా?"

"క్యాంటీనుకు పోనీ. బయానా రెండు వారాలైనంక చూద్దాం."

"మల్ల గదే సురువైందా?" అని గొణుక్కుంటూ తాళం తిప్పాడు. కొత్త పేజీలో నిలువు గీత గీశాను. అక్షరాలొచ్చినా దానికి గీతే బాగుంది. క్యాంటీన్ వెనక సున్నా. హాస్టళ్ల దగ్గర రెండు సున్నాలు. బౌద్ధనగర్‌లో ఒకటి. పదకొండింటికి ఖాళీ బకెట్లతో ఇల్లు చేరాం. పేజీ కింద గుట్ట కోసం వదిలిన చోటు అలాగే ఉంది. తమ్ముడు నా వైపు, పెన్సిలు వైపు చూస్తున్నాడు.

ఆ చోట పెద్ద అక్షరాలతో రాశాను. మౌలాలి పోలేదు.